వంద కౌంట్ ఎంత?

రొయ్యల రేట్ల పట్టిక రోజూ పొద్దున్నే మా వాట్సాప్ గ్రూపులో వచ్చి పడుతుంది. నీలం మీద పసుపు అక్షరాలు, ముప్పై కౌంట్ నుంచి వంద కౌంట్ దాకా (కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్) ధరలు, అంతా కలిపి ఒక బొమ్మ. ఈ వారం దాని కింద ఒక రైతు అడిగాడు: "అన్నా, ఇవాళ వంద కౌంట్ ఎంత పెట్టారు?" ఆయనకు చూపు లేదని, తమ్ముడితో కలిసి చెరువు చేస్తున్నాడని గ్రూపులో అందరికీ తెలుసు. జవాబుగా ఒకాయన బొటనవేలు గుర్తు పెట్టాడు. ఇంకొకాయన అదే బొమ్మను మళ్లీ పంపాడు.

నాకు ఒళ్లు మండింది. మూడంకెలు కొట్టడానికి ఎంతసేపు?

చూపు లేనివాళ్లకు స్మార్ట్‌ఫోనెందుకు అనే పెద్దమనుషులు మా ఉండి ఊళ్లో ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటే తెర మీది అక్షరాన్ని తెలుగులోనే చదివి వినిపిస్తుంది. అదే అక్షరాన్ని బొమ్మలో ఇరికిస్తే చాలాసార్లు "ఫొటో" అని ఊరుకుంటుంది. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షలు దాటారు. శుక్లాల కళ్లతో ఫోను ముక్కుకు ఆనించుకునే మన తాతల సంగతి వేరే చెప్పాలా?

"ఏఐ ఉంది కదండీ, అదే చెబుతుంది" అంటారు. ఫేస్‌బుక్ 2016లోనే ఫొటోల్లో ఏముందో దానంతటదే చెప్పే ఏర్పాటు తెచ్చింది. ఆ పనిలో ముందు నిలిచిన ఇంజినీరు మ్యాట్ కింగ్‌కూ చూపు లేదు. మొదట్లో అది మనుషులు, చెట్టు, ఆరుబయట అంటూ ముక్కలు అప్పజెప్పేది. ఇప్పుడు చాలా మెరుగైంది, కాదనను. అయినా పెళ్లి ఫొటోలో వియ్యంకుడెవరో, అలిగి వెనక నిలబడిన మేనమామ ఎవరో దానికేం తెలుసు? ఫొటో పెట్టినవాడికి తెలుసు. వాడే రాయాలి. ఫేస్‌బుక్‌లో, ఎక్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో దానికి ఆల్ట్ టెక్స్ట్ అని వేరే చోటుంది. వాట్సాప్‌లో క్యాప్షనే దిక్కు.

ఎలా రాయాలంటారా? కొల్లేటి పక్షుల్ని చూడటానికి ఆటపాక వెళ్లొచ్చిన ప్రతివాడూ గూడబాతుల ఫొటో పెట్టి "కొల్లేరు అందాలు" అని రాస్తాడు. వినేవాడికి అందిందేమిటి? "ఇనుప స్టాండు మీద పుల్లల గూడు. తల్లి గూడబాతు నోరు తెరిచింది, పిల్ల మెడ దాకా తల లోపలికి దూర్చి చేపలు తింటోంది. వెనక నీళ్లు." అంతే. ఇంకేం అక్కర్లేదు. "ఈ ఫొటోలో" అని మొదలుపెట్టక్కర్లేదు, అది ఫొటో అని ఫోను ముందే చెప్పేస్తుంది. అందమో కాదో వినేవాడు తేల్చుకుంటాడు. రంగులు మాత్రం మానకండి. నడివయసులో చూపు పోయినవాడికి పసుపంటే ఏమిటో గుర్తుంటుంది.

వర్ణించడం మాకెక్కడ వచ్చు అనేవాళ్లను సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర చూడాలి. ఒంటి నిండా ఎరుపుంటే డేగ, నలుపైతే కాకి, తెలుపైతే సేతువ. రంగులు కలిసిన తీరును బట్టి నెమలి, కౌజు, మైల, పూల, ఇంకా ఎన్నో. పుంజును చూడకుండానే, ఫోన్లో రంగు విని పందెం కాసే ఘనులున్నారు మన వైపు. వీళ్లకు కూతురి పెళ్లి ఫొటో కింద నాలుగు ముక్కలు రాయడం చేతకాదట!

పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా మీద 2024లో హిందీ సినిమా వచ్చినప్పుడు, బందరు పక్కన సీతారామపురం కుర్రాడు, మనవాడేనని పోస్టర్లు తెగ పంచుకున్నాం. చూపులేని మనిషి గొప్పతనాన్ని చూపున్నవాళ్లు మాత్రమే చదవగలిగే బొమ్మల్లో చాటుకున్నాం. సంతాపాల దగ్గరా ఇదే తంతు. వరసగా పదేసి దండాల గుర్తులు పెడతారు. కొన్ని ఫోన్లు వాటిని ఒక్కొక్కటిగా పదిసార్లు చదువుతాయి. పోయిందెవరో మాత్రం బొమ్మలోనే ఉండిపోతుంది.

అసలు తెలుగువాడు ప్రతిదీ బొమ్మ చేసి ఎందుకు పంపుతాడు? నా అనుమానమంతా అను ఫాంట్ల మీద. అన్ని యంత్రాలకూ ఉమ్మడి అక్షర సంకేతాలైన యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే ఎక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. మన డీటీపీ షాపుల్లో మాత్రం ఇప్పటికీ పేజ్‌మేకరు, అను. అందులో కొట్టిన తెలుగు తెర మీద తెలుగులా కనిపిస్తుందే తప్ప లోపల ఉండేవి ఇంగ్లిషు కీల సంకేతాలు. ఆ ఫాంటు లేని ఫోనుకు పంపితే పిచ్చి గీతలు, టాక్‌బ్యాక్‌కు ఇస్తే అర్థం లేని గోల. అందుకే షాపువాడు జేపీజీ చేసి చేతిలో పెడతాడు. పెళ్లి శుభలేఖ, పెద్దకర్మ కార్డు, గుడి తీర్థం కరపత్రం, అన్నీ అలాగే ఊరేగుతున్నాయి. అక్షరాలు అందంగా రావంటారేమో, రామభద్ర, మల్లన్న, సూరన్న, గిడుగు ఫాంట్లు యూనికోడ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పైసా ఖర్చు లేదు. ముప్పై ఏళ్ల అలవాటు మానడానికి బద్ధకం, అంతే.

షాపువాడిని అనేం లాభం, సర్కారీ కాగితం ఇంతకన్నా అన్యాయం. ప్రజలకిచ్చే సమాచారం అందరూ అందుకునే రూపంలో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. వేసవిలో కాలువలు కట్టేస్తున్నారు, మంచినీళ్ల చెరువులు నింపుకోండి అని మాకొచ్చిన నోటీసు మాత్రం వంకరగా తీసిన ఫోన్ ఫొటో. తేదీ మీద ముద్ర. ముద్ర మీద ఎవరిదో బొటనవేలి నీడ. కళ్లద్దాలు మార్చుకున్నా నాకే తేదీ దొరకలేదు. ఆ కాగితం కంప్యూటర్లో కొట్టిందే కదా, ఆ ముక్కలే కాపీ చేసి గ్రూపులో వేయడానికి సంతకం అడ్డమా?

రేట్ల బొమ్మ తయారుచేసే కుర్రాళ్లు కింద ఒక్క వరుసలో అంకెలు కొట్టి పంపండి. శుభలేఖ వేయించేవాళ్లు బొమ్మతోపాటు యూనికోడ్‌లో కొట్టిన ముక్కలు కూడా అడిగి తీసుకోండి. దానికి వేరే డబ్బులంటే బేరమాడకండి, ఇంకో షాపుకు వెళ్లండి.