కొవ్వు పొడి ఖర్చు మనది, లాభం ఎవరిది?



పోయిన చలికాలంలో మా ఊరి పాలకేంద్రంలో బిల్లు తీసుకుంటే అందులో కోత కనిపించింది. అడిగితే, "బైపాస్ ఫ్యాట్ సంచి మీ ఇంటికి పంపాం కదా, వెన్న శాతం పెరుగుతుంది" అన్నారు. అప్పటికి మా గేదె ఈని ఎనిమిది నెలలు. పూటకు లీటరున్నర ఇస్తోంది. సంచి అయిపోయింది, వెన్న మాత్రం పెరగలేదు. తప్పు పొడిది కాదు, పెట్టిన వేళది. ఆ మాట అమ్మినవాళ్లు చెప్పలేదు.

గేదె అయినా ఆవు అయినా, మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులే గడ్డిని పులియబెడతాయి. అలా వచ్చే ఆమ్లాల నుంచే పాలలో వెన్న సగం దాకా తయారవుతుంది. వెన్న కోసమని మామూలు నూనె ఎక్కువగా పోస్తే ఆ జీవులు దెబ్బతింటాయి, గడ్డి అరగదు, ఉన్న వెన్న కూడా తగ్గుతుంది. అందుకే పామాయిల్ కొవ్వును కాల్షియంతో కలిపి, మొదటి పొట్ట దాటాక అరిగేలా పొడి చేస్తారు. అదే బైపాస్ ఫ్యాట్.

ఇది ఎవరికి పెట్టాలి? ఈనిన కొత్తలో పాలు ఎక్కువ వస్తాయి, పశువు మేత అంత తినలేదు. ఒంట్లో కొవ్వు కరిగి చిక్కిపోతుంది, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. బాగా పాలిచ్చే పశువుకు ఈనిన మొదటి మూడు నెలలు రోజుకు 100 నుంచి 150 గ్రాములు దాణాలో కలిపి పెడితే మేలు. పాలు తగ్గిపోయిన పశువుకు పెడితే ఖర్చు దండగ.

లెక్క చూద్దాం. పొడి కిలో 180 రూపాయలనుకుంటే 150 గ్రాములకు 27 రూపాయలు. కిలో వెన్నకు 800 ఇస్తారనుకుందాం. మూడు లీటర్లిచ్చే గేదెకు వెన్న 0.3 శాతం పెరిగినా అదనంగా వచ్చేది 9 గ్రాములు, అంటే ఏడు రూపాయలు. రోజుకు 20 రూపాయల నష్టం. అదే కొత్తగా ఈనిన గేదె 7 శాతం వెన్నతో లీటరు ఎక్కువిస్తే 70 గ్రాములు, 56 రూపాయలు. ఖర్చు పోను 29 మిగులుతుంది.

పొడి కొనేముందు గాటి వైపు చూడండి. పచ్చిమేత, ఎండుగడ్డి కడుపునిండా ఉన్నాయా? మినరల్ మిక్చర్ పెడుతున్నారా? నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉన్నాయా? ఇవి లేకుండా పొడి పెట్టడం పునాది లేని ఇంటికి సున్నం వేసినట్టే. పత్తి పండే ఊళ్లలో పత్తి గింజల్లోనే కొవ్వు ఉంది. డాక్టరును అడిగి కొలతగా పెట్టుకోవచ్చు.

మన సంఘం అడగవలసినవి మూడు. రైతు సంతకం లేకుండా పాల బిల్లులో ఏ సరుకు డబ్బూ కోయకూడదు. సంచి మీద కొవ్వు శాతం, మోతాదు, ఎప్పుడు పెట్టాలో తెలుగులో రాయాలి. వెన్న కొలిచే మిషన్‌ను రైతుల ఎదుట తనిఖీ చేయాలి. మిషనే తక్కువ చూపిస్తే ఏ పొడి పెట్టినా మన గిన్నెలోకి ఏమీ రాదు.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు మీ బిల్లు చీటీలు వెంట తెచ్చుకోండి. కోతలన్నీ ఒకచోట పెట్టి లెక్క వేద్దాం. ఆ లెక్క పట్టుకుని అందరం కలిసి పాలకేంద్రానికి వెళదాం.