మా బావ రథం

మొన్న కనిగిరి వెళ్తే మా బావ తిన్నగా పెరట్లోకి లాక్కుపోయాడు. వేలంలో కొన్న పాత అంబులెన్సు! స్ట్రెచర్ పీకేసి పరుపు వేశాడు. ఆక్సిజన్ సిలిండరు మూల గ్యాసుపొయ్యి. ఇక యాత్రలేనట!

“1982లో రామారావుగారు పాత షెవర్లే వ్యానుని చైతన్యరథం చేయించుకోలేదూ? హరికృష్ణ నడుపుతుంటే, అందులోనే పడుకుంటూ, దానిమీదెక్కి ఉపన్యాసాలిస్తూ రాష్ట్రమంతా తిరిగారు. మనకేం తక్కువ బామ్మర్దీ?”

బండి రూపం మార్చాలంటే రవాణాశాఖ అనుమతి కావాలి, సైరన్ తీసెయ్యాలి అన్నాను. రామారావుగారి పేరెత్తాక బావకి ఇంకేం వినపడదు లెండి!

అక్క మాత్రం బండెక్కనంది. “అమ్మని ఒంగోలు తీసుకెళ్లింది ఇలాంటి దాంట్లోనేరా.”

బావ నోరు మూతపడింది.

సాయంత్రం అక్కే అడిగింది: “ఆ స్ట్రెచర్ ఏదండీ? ముందు దాన్ని ఆసుపత్రికిచ్చి రండి. తర్వాత చూద్దాం.”