ఎలక్ట్రానిక్సు ఇంజనీర్ల భవిష్యత్తు

ప్రతి సంవత్సరము వేసవి ముగియుచుండగా ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేలకొలది యిండ్లలో ఒకటే చర్చ జరుగుచుండును. కుఱ్ఱవానిని ఏ శాఖలో చేర్పింపవలెను? కంప్యూటరా, ఎలక్ట్రానిక్సా? ఇది కేవలము విద్యావిషయికమైన చర్చ కాదు. కాలువక్రింది అరయెకరమో యెకరమో అమ్మియో, తాకట్టుపెట్టియో ఈ చదువులు చెప్పించుచున్న గృహస్థులు మనలో పెక్కురు గలరు. యంత్రములే బుద్ధి గడించి ఇంజనీర్ల పనిని సైతము చేయుచున్నవను వార్తలు వినవచ్చుచున్న యీ దినములలో వారికి దిగులు గలుగుట సహజము. ఆ దిగులులో నిజమెంతయో, పొరపాటెంతయో విచారించుట యవసరమని మేము తలంచుచున్నాము.

ఈ వృత్తికి యంత్రభయము క్రొత్తది కాదు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. 1958లో జాక్ కిల్బీ ఒక్క తునుకపైననే సర్క్యూటు నంతటిని నిర్మించి చూపెను. అంతవఱకు వేఱువేఱుగా అమర్చి టంకము పెట్టవలసిన భాగములన్నియు ఒక్క చిప్పులో నిమిడిపోయినవి. రేడియో వాల్వులు మార్చి జీవించిన మెకానిక్కులు మన పట్టణములలో నేడెందఱు గలరు? 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను టెలివిజనులు చేసి అమ్మిన కాలమున వానిని బాగుచేయువారికి చేతినిండ పనియుండెడిది. నేడు చెడిన బోర్డును తీసిపాఱవేసి క్రొత్తది బిగించుటయే బాగుచేయుట యనిపించుకొనుచున్నది. చిప్పుల రూపకల్పనలోను ఇట్లే జరిగినది. తొలినాళ్ల ఇంజనీర్లు గేట్లను ఒక్కొక్కటిగా గీసెడివారు. 1980 దశకమున, చిప్పు ఏమి చేయవలెనో వ్రాసియిచ్చినచో గేట్లను తానే కూర్చు సాఫ్టువేరు వచ్చినది. గీయు పని పోయినది. ఇంజనీర్లు మాత్రము తగ్గలేదు. చిప్పునందలి ట్రాన్సిస్టర్ల సంఖ్య వేలనుండి వందలకోట్లకు పెరుగగా వారికి పని యింకను హెచ్చినది.

2013లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రే, ఆస్బోర్ను అను పండితులు అమెరికాలోని 702 వృత్తులను పరిశీలించి, ఆ దేశపు టుద్యోగములలో నూటికి 47 యంత్రముల పాలగు ప్రమాదములో నున్నవని లెక్కకట్టిరి. ఆ పట్టికలో ఎలక్ట్రానిక్సు ఇంజనీరు సురక్షితుల సరసన గలడు. ఎలక్ట్రానిక్సు సామగ్రిని కూర్చు కార్మికుడో మిక్కిలి ప్రమాదములో నున్నవారి సరసన గలడు. ఆ లెక్క వెలువడి పండ్రెండేండ్లు దాటినది. అడిగినంతనే ప్రోగ్రాములు వ్రాసియిచ్చు కృత్రిమ మేధ అప్పటికి లేదు. ఆ పట్టికను తాయెత్తువలె కట్టుకొని నిశ్చింతగా నుండుడని చెప్పువారితో మేము ఏకీభవింపజాలము.

ఇపుడు జరుగుచున్నదేమి? చిప్పుపై ఏ భాగము నెచ్చట నుంచవలెనో యంత్రమే నిర్ణయింపగలదని గూగులు సంస్థ పరిశోధకులు 2021లో నేచర్ పత్రికలో ప్రకటించిరి. ఆ ఫలితములపై వివాదము చెలరేగినమాట నిజమే. కాని రూపకల్పన సాఫ్టువేరు అమ్ము సంస్థలు అంతకుముందే ఇట్టి సాధనములను విపణిలో పెట్టియున్నవి. హైదరాబాదు, బెంగుళూరులలో క్రొత్తగా చేరిన ఇంజనీరునకు సాధారణముగా మొదట నప్పగించు పనియేది? పరీక్షల ప్రోగ్రాములు వ్రాయుట, తప్పులు వెదకుట, పుటలకొలది లెక్కలు చూచి వ్యత్యాసములు పట్టుట. యంత్రము చక్కగా చేయనేర్చినవి సరిగా ఈ పనులే. పదునైదేండ్ల యనుభవముగలవాని కిప్పట్టున వచ్చిన భయము స్వల్పము. కాని ఆ యనుభవశాలియు ఒకప్పుడు ఈ చిల్లరపనులలోనే విద్య నేర్చెను. నారుమడి మానివైచిన రైతు నాట్లకు ఎచ్చటికి పోవును? ఖర్చు తగ్గినదని సంతోషించుచున్న సంస్థలు దీనినిగూర్చి యోచించినట్లు కనబడదు.

కర్మాగారములు వచ్చుచున్నవి గదా యని కొందఱందురు. శ్రీసిటీలోను, కొంగరకలాన్ లోను ఫాక్సుకాన్ సంస్థ పనివారికి జీవనము కల్పించినది, మాకది సంతోషకరమే. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ నందొక చిప్పుల ప్యాకేజింగు కర్మాగారమునకు కేంద్రమంత్రివర్గము అనుమతించినది. కాని లెక్కలు చూడవలెను. గుజరాతులోని సానందునందు మైక్రాన్ సంస్థ స్థాపించిన కర్మాగారపు పెట్టుబడి 22,500 కోట్ల రూపాయలకు పైబడినది. అందు నూటికి 50 వంతులు కేంద్రము, 20 వంతులు గుజరాతు ప్రభుత్వము భరించుటకు ఒప్పుకొనినవి. నేరుగా కల్గునని చెప్పిన యుద్యోగములు 5,000. ఒక్కొక్క యుద్యోగమునకు ప్రజాధనము మూడుకోట్లకు పైగా వ్యయమగుచున్నదన్నమాట. ఇట్టి కర్మాగారములు దేశమునకు వలదని మేమనము. ఉద్యోగములకొఱకే ఇవి వచ్చుచున్నవని ప్రజలకు చెప్పుట తగదని మాత్రము చెప్పుచున్నాము.

ఇవి వలయుటకు అసలు కారణము వేఱు. చిప్పులు రూపొందించు సాఫ్టువేరు ప్రపంచమున ముఖ్యముగా మూడు సంస్థల చేతిలో నున్నది. ఆ మూడింటిలో ఒక్కటియు మనది కాదు. 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వము చీనాకు ఆ సాఫ్టువేరు అమ్మకములను నిర్బంధించి, జులైలో నిర్బంధమును తొలగించెను. ఒక్క యుత్తరువుతో పరదేశపు ఇంజనీర్ల చేతులు కట్టివేయవచ్చునని దీనివలన తేలినది. మొహాలీలోని మన చిప్పుల కర్మాగారము 1989లో అగ్నికాహుతియైన పిమ్మట మనము పోగొట్టుకొనిన కాలము చిన్నది కాదు. అయినను మద్రాసు ఐ.ఐ.టి.లో శక్తి ప్రాసెసరును రూపొందించినవారు, రాకెట్లకొఱకు చేసి 2025 సెప్టెంబరులో ప్రధానికి సమర్పించిన విక్రమ్ చిప్పును నిర్మించినవారు మన యువకులే. 2022లో కేంద్రము ఆరంభించిన పథకము 85,000 మంది ఇంజనీర్లకు చిప్పుల విద్య గఱపుటకు సంకల్పించినది. సంకల్పము మంచిదే.

అయితే ఆ విద్యకు పునాది వేయవలసిన మన కళాశాలల స్థితి యేమి? ఎలక్ట్రానిక్సు పట్టము పొందిన మన విద్యార్థులలో పెక్కురు ఎలక్ట్రానిక్సు పని చేయుటలేదు. కంపెనీలు నేర్పిన నాలుగు నెలల ప్రోగ్రాముల విద్యతో సాఫ్టువేరులో కుదురుకొనుచున్నారు. కృత్రిమ మేధ యొక్క తొలిదెబ్బ తగులుచున్నది అచ్చటనే. ఎలక్ట్రానిక్సు ఇంజనీరైనందున వానికి ప్రమాదము రాలేదు, పట్టము చేతనుండియు ఎలక్ట్రానిక్సు ఇంజనీరు కానందున వచ్చినది. బోర్డుపై శబ్దము ఎచ్చట జొరబడుచున్నదో, వేడికి ఏ భాగము సొమ్మసిల్లుచున్నదో, రోదసిలో కిరణములు తాకినపుడు చిప్పు ఎట్లు తప్పు చేయునో ప్రోబు పట్టి చూచి కనుగొనగలవాని పనిని యంత్రము ఇంకను కైకొనలేదు. పుస్తకములోని బొమ్మలు చూచి పరీక్ష గట్టెక్కినవాడు ఆ పని చేయలేడు.

కావున పొలము అమ్మబోవు తండ్రి కళాశాల గోడపై నంటించిన యుద్యోగముల ప్రకటనలు చూచి మరలిరాక, ప్రయోగశాల తలుపు తీయించి ఆసిలోస్కోపులెన్ని గలవో, వానిలో పనిచేయునవి యెన్నియో, విద్యార్థి వారమునకెన్ని గంటలు వానిని ముట్టునో అడుగవలెను. 2008 నుండి ఈ కళాశాలలకు ప్రభుత్వ ధనము ఫీజుల రూపమున చేరుచున్నది. ఆ సొమ్ము చెల్లించుటకు ముందు ఈ మూడు ప్రశ్నలకు వ్రాతమూలకముగా జవాబు తెప్పించి అందఱికి కనబడునట్లు ప్రకటించుట రెండు రాష్ట్రముల ప్రభుత్వములకు అసాధ్యమైన పనియా?