నందిని నుంచి సాగరతీరానికి

నందిని గనుల సున్నపురాయి కరిగే భిలాయ్‌లో స్థిరపడిన తెలుగువారికి సముద్రమంటే విశాఖే. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్ నుంచి వందేభారత్ మొదలయ్యాక ప్రయాణం సుమారు ఎనిమిది గంటలకు తగ్గింది. అయినా పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయడం కుదరదు, ఒక రాత్రి బస తప్పదు.

ప్యాకేజీ టూరు దండగ. తీరం వెంట భీమిలి వెళ్లే సిటీ బస్సు చాలు. దారిలో దిగితే తొట్లకొండ బౌద్ధారామం, చివర్లో డచ్చివారి సమాధులు. సాయంత్రానికి ఆర్కే బీచ్. అక్కడి కురుసుర జలాంతర్గామికి సోమవారం సెలవు.

భయపడాల్సింది నీటికే. చెరువులో ఈత నేర్చినవారు అలలను తేలిగ్గా తీసుకుంటారు. రుషికొండ, యారాడల్లో లోపలికి లాగే ప్రవాహాలు ఎందరినో మింగాయి. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. తీరానికి సమాంతరంగా కొంతదూరం ఈది, లాగుడు తగ్గాక ఒడ్డువైపు తిరగాలి.