తలుపు వెలుపల నిలిచిన సహోదరుడు

ధ్యాన భాగము: లూకా 10:25–37



సంఘము వెలుపల ఉన్నవారి ద్వారా కూడ దేవుడు కొన్నిసార్లు సంఘమునకు పాఠము నేర్పుతాడు. ప్రభువు సమరయుని కథ చెప్పినది అందుకే గదా! ఈ నెల మనము 'ఆడ్‌ఫెలోస్' అనే ఒక పాత సహోదర సమాజమును గూర్చి తెలిసికొందము. అందులో మనము నేర్చుకొనవలసినది ఒకటి, భయపడవలసినది ఒకటి ఉన్నవి.

ఈ సమాజము ఇంగ్లాండు దేశములో పుట్టింది. లండనులోని ఒక శాఖ వారు 1730లో వ్రాసికొన్న నియమములు దొరికినవి. శాఖను వారు 'లాడ్జి' అంటారు. అనగా ప్రయాణికులు బసచేసే లాడ్జి కాదు, సభ్యులు కూడుకొనే సభ. ఆ దినములలో పెద్ద పట్టణములలో ఒక్కొక్క వృత్తివారికి ఒక్కొక్క సంఘము ఉండేది. వాటిలో చోటు లేని తక్కిన పనివారు కలిసి ఒక జట్టు అయినందున 'ఆడ్', అనగా జతకు రాని బేసివారు, అనే పేరు వచ్చినదని సామాన్యముగా చెబుతారు.

ఇట్టివారిని కలిపినది ఏమి? భయము. కూలివాడు మంచము పట్టితే కూలి లేదు, ఇంటిలో పొయ్యి రాజదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆ దేశములో 1911లో చట్టము అయ్యేవరకు లేదు. దిక్కులేనివారు బీదల శాలకు పోవలసినదే. 1832లో వచ్చిన చట్టము ప్రకారము, అక్కడ చనిపోయిన వాని శవమును ఎవరును అడగకపోతే వైద్య విద్యార్థులు కోసి నేర్చుకొనుటకు ఇచ్చేవారు. అందుచేత పేదవాడు చావుకంటె దిక్కులేని చావుకు ఎక్కువ భయపడేవాడు.

కాబట్టి ఆరోగ్యముగా ఉన్న దినములలో తలా కొన్ని నాణెములు ఒక పెట్టెలో వేసేవారు. సభ్యుడు జబ్బుపడితే ఆ పెట్టెలోనుండి వారము వారము కొంత సొమ్ము ఇచ్చేవారు. చనిపోతే భూస్థాపన ఖర్చు భరించి, విధవరాలిని ఆదుకొనేవారు. అది భిక్ష కాదు. తాను కూడ వేసిన పెట్టె గనుక తల వంచకుండ పుచ్చుకొనేవాడు. పని వెదకుచు వేరొక ఊరు పోయినవాడు తాను సభ్యుడనని చూపుటకు రహస్యమైన మాటలు, చేతి గురుతులు ఉండేవి.

అమెరికాలో ఈ సమాజమును నాటినవాడు థామస్ వైల్డీ. 1782లో లండనులో పుట్టి, చిన్నతనములోనే తలిదండ్రులను పోగొట్టుకొని, కమ్మరి పని నేర్చుకొన్నాడు. 1817లో ఓడనెక్కి బాల్టిమోర్ పట్టణము చేరాడు. కొత్త దేశములో తోడులేక, తనవంటి వారు ఉంటే రమ్మని పత్రికలో ప్రకటన వేయించాడు. 1819 ఏప్రిల్ 26న అయిదుగురు కలిసి మొదటి లాడ్జి స్థాపించారు. వారు కూడుకొన్నది ఒక సారాయి అంగడిలో! అయినను వారు తమ మీద వేసికొన్న ఆజ్ఞలు నాలుగు: రోగిని దర్శించుట, కష్టములో ఉన్నవానిని ఆదుకొనుట, మృతుని పాతిపెట్టుట, తలిదండ్రులు లేని బిడ్డను చదివించుట. స్నేహము, ప్రేమ, సత్యము అనే మూడింటికి గురుతుగా మూడు కొలుకుల గొలుసు వారి చిహ్నము. స్నేహమునకు దావీదు యోనాతానుల చరిత్రను, ప్రేమకు మంచి సమరయుని ఉపమానమును సభలో నేర్పుతారు. 1851లో స్త్రీల కొరకు ఒక శాఖ ఏర్పరచి, ఒంటెలకు నీళ్లు చేదిపోసిన రిబ్కా పేరు పెట్టారు.

ఇంతవరకు వినుటకు ఎంత బాగున్నది! యాకోబు 1:27 చదివి వ్రాసికొన్నారేమో అనిపించుచున్నది. అయితే ఇక్కడనే భయపడవలసినది ఉన్నది.

1840ల ఆరంభములో న్యూయార్కులోని కొందరు నల్లజాతి స్వతంత్రులు తమను కూడ చేర్చుకొమ్మని అడిగారు. ఆ అమెరికా సమాజము త్రోసివేసింది. అప్పుడు పీటర్ ఆగ్డెన్ అనే నల్లజాతి నావికుడు ముందుకు వచ్చాడు. అతడు ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో ఆడ్‌ఫెలోస్‌లో మరియొక శాఖవారి సభ్యుడు. అతడు సముద్రము దాటి పోయి, ఆ శాఖవారి యొద్దనుండి 1843లో అనుమతి పత్రము తెచ్చాడు. అట్లు నల్లవారు వేరుగా తమ సమాజము కట్టుకొని, తమ రోగులను తామే చూచుకొన్నారు, తమ మృతులను తామే పాతిపెట్టుకొన్నారు. తెల్లవారికి మాత్రమే అనే నియమమును ఆ మొదటి సమాజము 1971లో గాని తీసివేయలేదు. గాయపడినవానిని దాటిపోయిన యాజకుని కథను లోపల నేర్పుచు, తలుపు దగ్గర నిలిచినవానిని తామే దాటిపోయారు.

ప్రియులారా, వారిని తప్పుపట్టుట సులభము. మన సంగతి ఏమి? ఆదివారము 'సహోదరుడా' అని చెయ్యి కలిపి, సోమవారము ఆ సహోదరుని ఇంటి నీళ్లు త్రాగనివారు మనలో లేరా? మన కులమువాడు కాడని, మన మిషనువాడు కాడని, చందా బాకీ ఉన్నాడని సమాధుల తోటలో ఆరడుగుల నేల ఇవ్వని సంఘములు లేవా? ఆ దినమున శవము ఇంటిలో ఉంచుకొని విధవరాలు పెద్దల గుమ్మములు ఎక్కి దిగుచుంటే, మనము పాడే పాటలను దేవుడు ఎట్లు ఆలకిస్తాడు?

ఆ సమాజములో చేరుమని మేము చెప్పుటలేదు. రహస్య ప్రమాణములతో విశ్వాసికి పని లేదు. మత్తయి 5:37లో ప్రభువు మనకు ఇచ్చిన ఆజ్ఞ చాలును. సత్‌క్రియల పెట్టె ఎవనిని రక్షింపదు, క్రీస్తు రక్తమే రక్షించును. అయితే రక్షింపబడిన మనము లోకస్థులకంటె తక్కువ చేయవచ్చునా?

పిడికెడు బియ్యము కానుక మన తల్లులకు తెలిసినదే. వంట చేసిన ప్రతి పూట ఒక పిడికెడు ప్రక్కకు తీసి దేవుని పనికి ఇచ్చారు. అట్లే ఈ నెలనుండి సంఘములో ఒక పెట్టె ఉంచండి, రోగుల కొరకు, భూస్థాపనల కొరకు. మంచము పట్టిన వారి పేర్లు వ్రాసి, ఇద్దరిద్దరుగా వెళ్లి చూచిరండి. ఊరిలో మరణము సంభవించినప్పుడు కులము, మిషను అడుగకుండ మొదట గుంట త్రవ్వుటకు మన యౌవనస్థులు వెళ్లవలెను. పెట్టె మోయుటకు మన పెద్దలు భుజము ఇవ్వవలెను.

తలుపు వెలుపల ఎవరు నిలిచి ఉన్నారో ఈ ఆదివారము సంఘ పెద్దలు కూర్చుండి, పేరు పేరున వ్రాసికొందురు గాక. ఆ పేర్లు చదివి ప్రార్థించి, లేచి వారి ఇండ్లకు వెళ్లుదురు గాక. అందుకు ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.