కౌన్సెలింగ్ పూర్తయ్యే దాకా డొనేషన్ కట్టకండి! కాలేజీని కళ్ళతో చూడకుండా ఆప్షన్ పెట్టకండి!

ఈఏపీసెట్ రాసిన తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! వాళ్ళను కన్న అమ్మలారా, నాయనలారా!

ర్యాంకులు వచ్చిన మర్నాటి నుంచి మీ ఫోను మోగుతూనే ఉంది. "మీ అబ్బాయి ర్యాంకుకు కన్వీనర్ కోటాలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) రాదండీ. మా దగ్గర మేనేజ్‌మెంట్ సీట్లు నాలుగే మిగిలాయి. శనివారం లోపు టోకెన్ అమౌంట్ కట్టి బ్లాక్ చేసుకోండి" అంటున్నారు. ఆడపిల్ల ఉన్న ఇంటికైతే హాస్టలు, బస్సు, భద్రత అని ఇంకో నాలుగు మాటలు కలుపుతున్నారు. మీ నంబరు వాళ్ళకు ఎవరిచ్చారో మీకు తెలియదు. వాళ్ళు కాలేజీ ఉద్యోగులో, కమీషన్ మీద బతికే కన్సల్టెన్సీ వాళ్ళో చెప్పరు. అయినా ఆ తొందర చూసి భయపడి ఒకరు అరెకరం బేరానికి పెడుతున్నారు, ఒకరు మెడలోది తీసి బ్యాంకులో పెడుతున్నారు.

ఒక్క నెల ఆగండి. ఆ తొందర అమ్మేవాడిది, మీది కాదు.

తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ సీట్లలో నూటికి 70 కన్వీనర్ కోటా కిందే నిండాలి. ర్యాంకు, రిజర్వేషన్, మీరు పెట్టిన ఆప్షన్ల వరస, ఈ మూడింటిని బట్టే కంప్యూటర్ సీటు ఇస్తుంది. మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఎన్‌ఆర్‌ఐ సీట్లు పక్కన పెడితే, ఆ కోటాకు కూడా ప్రకటన ఇచ్చి, దరఖాస్తులు తీసుకుని, మెరిట్ ప్రకారమే నింపాలి. ఫీజుల కమిటీ ఖరారు చేసిన ఫీజే తీసుకోవాలి. దాని పైన డొనేషన్ పేరుతో అడిగే ప్రతి రూపాయీ నేరం. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. రసీదు లేకుండా కవరులో పెట్టి ఇమ్మనేది అందుకే. రసీదు అడగండి. ఇవ్వనంటే ఆ సంగతి రాతపూర్వకంగా ఉన్నత విద్యామండలికి, ఫీజుల నియంత్రణ కమిటీకి పంపండి.

ఇంకో సంగతి వాళ్ళు చెప్పరు. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కన్వీనర్ సీటు వచ్చి, ఆదాయ పరిమితిలో ఉంటే ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఫీజు మొత్తం ప్రభుత్వమే భరించాలి. పది వేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ పిల్లలకూ అంతే. ఆ పైన ర్యాంకులకు ఏడాదికి 35,000 రూపాయల దాకా వస్తుంది. నాలుగేళ్ళకు లెక్క వేయండి. టోకెన్ అమౌంట్ కట్టిన రోజున మీరు వదులుకున్నది ఎంతో తెలుస్తుంది.

సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇచ్చి రాకండి. చాలా కుటుంబాలు చిక్కుకునేది ఇక్కడే. "ఒరిజినల్స్ ఇచ్చి వెళ్ళండి, సీటు ఖాయం" అంటారు. ఇచ్చారా, కౌన్సెలింగ్‌లో వెరిఫికేషన్‌కు చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు. తర్వాత మంచి కాలేజీలో సీటు వచ్చినా అక్కడి నుంచి బయటపడలేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసుకుని వెంటనే తిరిగి ఇవ్వాలనీ, కాలేజీ దగ్గర పెట్టుకోకూడదనీ యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజుల ముందే మానుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ చార్జీ పోను కట్టిన ఫీజంతా వెనక్కి ఇవ్వాలని కూడా అదే ఉత్తర్వులో ఉంది. ఇప్పటికే ఇచ్చేసినవాళ్ళు ఉంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. ఒక కాగితం రాసి, నకలు మీ దగ్గర ఉంచుకుని, వెళ్ళి అడగండి. పది మంది కలిసి వెళితే పని త్వరగా అవుతుంది.

వెబ్ ఆప్షన్లు మీరే పెట్టండి. నెట్ సెంటర్ అన్నకో, ఇంటర్ కాలేజీ పీఆర్వోకో పాస్‌వర్డ్ చెప్పేస్తే మీ నాలుగేళ్ళు వాళ్ళ చేతిలో పెట్టినట్టే. పెద్ద కాలేజీని పైన పెడితే చిన్న కాలేజీ కూడా పోతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. జాబితాలో పై నుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకు అందే మొదటి సీటునే ఇస్తారు. అందని కాలేజీని పైన పెట్టినందువల్ల నష్టమేమీ ఉండదు. నష్టం ఎక్కడంటే, చేరడం ఇష్టం లేని కాలేజీని సంఖ్య కోసం మధ్యలో ఇరికిస్తే ఉంది. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది తనంతట తానే రద్దవుతుంది, కాబట్టి అప్పుడు ఉన్నదానికన్నా మెరుగైనవే పెట్టండి. నిరుటి చివరి ర్యాంకులు కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. కాగితం మీద రాసుకుని, ఇంట్లో అందరూ కూర్చుని వరస ఖాయం చేసుకుని, అప్పుడు కంప్యూటర్ ముందుకు వెళ్ళండి. ఆఖరున ప్రింటు తీసుకోండి. యూనివర్సిటీల సొంత కాలేజీలను మరిచిపోకండి. ఉస్మానియా, కాకతీయ సరే, జగిత్యాల దగ్గర నాచుపల్లి, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల, వనపర్తిలో జేఎన్‌టీయూ సొంత కాలేజీలు ఉన్నాయి. వాటికి హోర్డింగులు ఉండవు కాబట్టి మన కంట పడవు.

ఇప్పుడు అసలు మాట. కాలేజీని వెళ్ళి చూడండి. ఆదివారం వెళితే సెక్యూరిటీ వాళ్ళు, గార్డెను కనిపిస్తాయి. పనిరోజున, పదకొండు గంటలకు వెళ్ళండి. ఏసీ గదిలో కూర్చోబెట్టి టీవీలో వీడియో వేస్తామంటారు. వద్దని చెప్పి ల్యాబ్‌లు చూపించమనండి.

సివిల్ ల్యాబ్‌లో క్యూరింగ్ తొట్టి దగ్గర నిలబడండి. విద్యార్థులు పోసిన కాంక్రీటు దిమ్మెలు నీళ్ళలో ఉండాలి. ఒక్కోటి పదిహేను సెంటీమీటర్ల దిమ్మె. దాని మీద తేదీ, బ్యాచి నంబరు రాసి ఉంటుంది. ఏడో రోజున కొన్నింటిని, ఇరవై ఎనిమిదో రోజున కొన్నింటిని యంత్రం కింద పెట్టి పగలగొట్టి బలం లెక్కగడతారు. తొట్టి ఎండిపోయి ఉందా, దిమ్మెల మీద తేదీ ఎప్పుడో రెండేళ్ళ కిందటిదా? ఆ కాలేజీలో కాంక్రీటు పాఠం బోర్డు మీదే జరుగుతోందన్నమాట. పక్క గదిలో ఉక్కు కడ్డీని లాగి తెంపే యంత్రం ఉంటుంది. దాని దగ్గర తెగిన కడ్డీ ముక్కలు ఉన్నాయేమో చూడండి. నడుము సన్నబడి, ఒక కొస గిన్నెలాగా, ఇంకో కొస మొనలాగా తెగిన ముక్కలు పక్కన పడి ఉంటే పిల్లలు నిజంగా ప్రయోగం చేస్తున్నట్టు. యంత్రం రంగు చెదరకుండా మెరుస్తూ, చుట్టూ ఒక్క ముక్క కూడా లేకపోతే అది తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించడానికి కొన్న యంత్రం. కంప్యూటర్ ల్యాబ్‌లో గోడ మీది టైంటేబుల్ చూసి, ఆ గంటలో ఆ తరగతి నడుస్తోందో లేదో చూడండి. అక్కడున్న విద్యార్థిని పక్కకు పిలిచి "ఈ సెమిస్టర్‌లో ఎన్ని ప్రయోగాలు మీ చేత్తో చేశారు?" అని అడగండి. ప్రిన్సిపాల్ చెప్పేదానికన్నా ఆ జవాబు విలువైనది.

అధ్యాపకులను లెక్కపెట్టండి. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన. ఒక కాలేజీలో సీఎస్‌ఈకి, దాని పిల్ల బ్రాంచిలన్నిటికీ కలిపి ఏటా 600 సీట్లున్నాయనుకోండి. నాలుగేళ్ళకు 2,400 మంది. అంటే ఆ ఒక్క వైపే 120 మంది అధ్యాపకులు కావాలి. వెబ్‌సైట్‌లో పేర్లు చూసి, వాళ్ళలో ఎందరు రోజూ పాఠం చెబుతున్నారో సీనియర్లను అడగండి. 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. చాలా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకున్నాయి. సెక్షన్లు పెంచడం ఒక వేసవిలో అయిపోతుంది. పాఠం చెప్పగల మనిషి ఒక వేసవిలో తయారుకాడు.

గేటు మీద ఎన్‌బీఏ అని పెద్ద అక్షరాలు ఉంటే, ఏ బ్రాంచికి అని అడగండి. ఆ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, ఒక్కో బ్రాంచికి విడివిడిగా, కొన్నేళ్ళ గడువుతో ఇస్తారు. ఎలక్ట్రికల్‌కు వచ్చిన గుర్తింపు చూసి డేటా సైన్స్‌లో చేరితే ఏం లాభం? ప్లేస్‌మెంట్ హోర్డింగు కూడా అలాగే చదవాలి. ఒకే విద్యార్థికి మూడు కంపెనీల నుంచి ఆఫర్ వస్తే అక్కడ మూడుగా కనిపిస్తుంది. ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది ఉద్యోగంలో చేరారు, వాళ్ళలో నడిమి వరసలో ఉన్నవాడి జీతం ఎంత? ఈ మూడూ కాగితం మీద రాసి ఇమ్మనండి.

బ్రాంచి గురించి ఇంట్లో పోట్లాటలు జరుగుతున్నాయని మాకు తెలుసు. నాయనలారా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాం, బ్రాంచి మీరు ఎంచకండి. పక్కింటి వాళ్ళ అబ్బాయి అమెరికాలో ఉన్నాడని మీ అమ్మాయి సీఎస్‌ఈ చదవాలని లేదు. అమ్మాయికి లెక్కలు, తర్కం, గంటల తరబడి ఒక తప్పును వెతికే ఓపిక ఉంటే తప్పకుండా చదవనివ్వండి. మోటార్ విప్పి మళ్ళీ బిగించే పిల్లవాడిని మాత్రం కీబోర్డుకు కట్టేయకండి. హైదరాబాద్ చుట్టూ బీహెచ్‌ఈఎల్, బీడీఎల్, మిధాని, ఈసీఐఎల్, డీఆర్‌డీఓ ల్యాబులు ఉన్నాయి. రామగుండంలో ఎన్‌టీపీసీ, గోదావరి పొడవునా సింగరేణి ఉన్నాయి. గేట్ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎంటెక్‌కు దారి ఉంది, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఆ స్కోరుతోనే ఉద్యోగాలు ఇస్తాయి. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి కోర్ బ్రాంచిలో ప్రైవేటు ఉద్యోగానికి మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, అది దాచము. మరోవైపు, గుంపులో కొట్టుకుపోయి సీఎస్‌ఈలో చేరి, రెండో ఏడాదికే బ్యాక్‌లాగులతో కుంగిపోయిన పిల్లలను మేము మా తరగతుల్లోనే చూశాం. ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని పేర్లు మారినా మొదటి ఏడాది పాఠాలు దాదాపు ఒకటే. పేరు కోసం మంచి కాలేజీ వదులుకుని నాసిరకం కాలేజీకి వెళ్ళకండి.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తితే, ఆ నదికి అడ్డుకట్ట ఎలా వేయాలో చెప్పడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ మన హైదరాబాద్ ఇంజనీరే. అలాంటి కోర్ ఇంజనీరింగ్ చదువుకు ఈ నేల మీద విలువ ఎన్నడూ తగ్గలేదు. దాన్ని శ్రద్ధగా చెప్పే చోట్లే తగ్గాయి.

చేరబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఇంటర్ రెండేళ్ళూ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడమే చదువు అనుకుని వచ్చారు. ఇక్కడ మూడు పేజీలు రాయాలి, ఎందుకో చెప్పాలి, చేసి చూపించాలి. మొదటి సెమిస్టర్‌లో గణితం వదిలేస్తే నాలుగేళ్ళూ వెంటాడుతుంది. సీనియర్ ల్యాబ్ రికార్డు తెచ్చి రీడింగులతో సహా ఎక్కించే అలవాటు మొదటి వారంలోనే మొదలవుతుంది, ఆ మొదటి వారంలోనే వద్దనండి. మీ రీడింగు తప్పొస్తే తప్పే రాసి, ఎందుకు వచ్చిందో అడగండి. ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కోకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు మొదటి రెండు నెలలు వెనుక బెంచీకి పోకండి. పాఠాన్ని ముందు తెలుగులో ఒకరికొకరు చెప్పుకోండి, అర్థమయ్యాక ఇంగ్లీషులో రాయండి. మాలో చాలామందిమి అలాగే గట్టెక్కాం.

ప్రభుత్వానికీ ఒక మాట. రీయింబర్స్‌మెంట్ బకాయిలు చెల్లించమని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూశాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య తగాదా వస్తే నలిగేది విద్యార్థి. ఫీజు పూర్తిగా కడితేనే సర్టిఫికెట్ ఇస్తామంటే కూలి పని చేసే ఇల్లు ఎక్కడి నుంచి తెస్తుంది? బకాయిలు ఏ ఏడాదివి ఆ ఏడాదే విడుదల చేయాలి. కాలేజీల తనిఖీ నివేదికలు తల్లిదండ్రులు చదువుకునేలా తెలుగులో బయటపెట్టాలి. అదీ వెబ్ ఆప్షన్లు మొదలవక ముందే జరగాలి. ఈ రెండు కోర్కెలతో వినతిపత్రం సిద్ధం చేశాం. వచ్చి సంతకం చేయండి.

వెబ్ ఆప్షన్లు ముగిసే దాకా రోజూ సాయంత్రం మండల కేంద్రం గ్రంథాలయంలో మేము కూర్చుంటాం. ర్యాంకు కార్డు తెచ్చుకోండి, అమ్మానాన్నను వెంట తెచ్చుకోండి. పైసా తీసుకోం, పాస్‌వర్డ్ అడగం, ఫలానా కాలేజీలో చేరమని చెప్పం. చివరి ర్యాంకులు, ఫీజులు, బస్సు దారి చూపిస్తాం. కాలేజీ చూడటానికి వెళ్ళేవాళ్ళకు తోడు కూడా వస్తాం. మీ ఊళ్ళో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఎవరున్నా, అక్కలైనా అన్నలైనా, ఈ కొద్ది రోజులు ఇలాగే ఒక బల్ల వేసుకుని కూర్చోమని అడగండి. ఈ కాగితం చదివాక పారేయకుండా ర్యాంకు వచ్చిన ఇంకో ఇంటికి చేర్చండి. శనివారం లోపు డబ్బు కట్టమని ఫోను వస్తే, కట్టకండి. ముందు గ్రంథాలయానికి రండి.

ఇట్లు,
ఇంజనీరింగ్ చదివిన, చదువుతున్న మీ ఊరి పిల్లలు