లారీ తలుపు దగ్గర ఆగిన ఆటోమేషన్

గోదాముల్లో రోబోలు దింపాలన్న ఉబలాటం ఆహార, పానీయాల పంపిణీ రంగానికీ పాకింది. 2017 జులైలో జీఎస్టీ రాకముందు కేంద్ర అమ్మకం పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికో డిపో పెట్టుకునేవి. ఆ అవసరం తీరాక చిన్న డిపోలు కలిసిపోయి పెద్ద గోదాములయ్యాయి. మేడ్చల్, శంషాబాద్ వైపు లేచిన భారీ షెడ్ల వెనక ఈ మార్పూ ఉంది. షెడ్డు పెరిగాక యజమాని చూపు యంత్రం మీద పడటం సహజమే. అయితే మనవాళ్లు మొదలుపెట్టే చోటే తేడా కొడుతోంది.

లారీ వెనక తలుపు తీసి చూడండి. కూల్‌డ్రింకు కేసులు, బిస్కెట్ల అట్టపెట్టెలు కింది నుంచి పైదాకా విడివిడిగా పేర్చి ఉంటాయి. ప్యాలెట్ల (సరుకు పేర్చి ఎత్తే చట్రాల) మీద పంపితే ఆ మేరకు చోటు పోతుంది, కిరాయి గిట్టదు. పైగా ఖాళీ ప్యాలెట్లు తిరిగొస్తాయన్న పూచీ లేదు. అందుకని హమాలీ ఒక్కో కేసూ దించి ప్యాలెట్ మీద పేరిస్తే, కోట్లు పోసి కొన్న క్రేన్ అప్పుడు దాన్ని అందుకుని ర్యాకు ఎక్కిస్తుంది. పంపే ఫ్యాక్టరీ, మోసే లారీ, దించుకునే గోదాము ఒకే కొలత ప్యాలెట్‌కు ఒప్పుకుంటే తప్ప ఈ తంతు మారదు.

పానీయాల్లో డబ్బు ఎక్కువగా పోయేది గడువు తేదీ దగ్గర. ప్లాస్టిక్ సీసాలోంచి గ్యాస్ కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. చిన్న సీసాలోంచి తొందరగా, ఎండల్లో మరింత తొందరగా. కొత్త లోడు వచ్చినప్పుడు పాత సరుకును ముందుకు లాగి కొత్తది వెనక పెట్టే తీరిక ఎవరికుంటుంది? కొత్తది ముందు పడుతుంది, చేతికందిందే లారీ ఎక్కుతుంది. గోడవార బ్యాచ్ గడువు దాటాకే బయటపడుతుంది. దీనికి రోబో ఎందుకు? ప్యాలెట్‌కో బార్‌కోడు, చేతిలో స్కానరు, ఏ అరలో ఏ బ్యాచ్ ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్, వెనక నుంచి నింపి ముందు నుంచి తీసే ర్యాకులు ఉంటే చాలు. నన్నడిగితే తొలి రూపాయి ఇక్కడ పెట్టాలి.

కూల్‌డ్రింకుల గిరాకీ వేసవిది. హమాలీ కూలి కేసుల లెక్కన కాబట్టి లోడు లేని రోజు యజమానికి ఖర్చు లేదు (అది హమాలీకి ఎంత అన్యాయమో వేరే చర్చ). యంత్రం మీద తెచ్చిన అప్పుకు మాత్రం వానాకాలంలోనూ వాయిదా కట్టాలి. గిరాకీ అంచనా తప్పితే ఏమవుతుందో అమెరికా చూసింది. ఇంటికి సరుకులు చేర్చే వెబ్‌వ్యాన్ భారీ యాంత్రిక గోదాములు కట్టి, సరిపడా ఆర్డర్లు రాక 2001లో దివాలా తీసింది. బ్రిటన్‌కు చెందిన ఒకాడో సాంకేతికతతో రోబో కేంద్రాలు నడిపిన అమెరికా కిరాణా సంస్థ క్రోగర్, వాటిలో మూడింటిని మూసేస్తామని 2025 నవంబరులో ప్రకటించింది.

అలాగని యంత్రమే వద్దనను. ఒక వయోజన మగ కార్మికుడి చేత 55 కిలోలకు మించి మోయించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన 50 కిలోల బస్తా ఆ గీత లోపలే ఉందని సంతోషించేవాళ్లు, పొద్దుగూకేలోపు అలాంటివి ఎన్ని మోయాలో లెక్కేయరు. నడుం విరిగే చోటికే యంత్రం ముందు రావాలి. అంటే లారీ లోపలికంటా చాచుకునే కన్వేయర్. క్రేన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అక్కడా ఒక చిక్కుంది. మహారాష్ట్రలో 1969 నాటి మాథాడీ చట్టం కింద హమాలీల పేర్లు బోర్డులో నమోదవుతాయి, కూలి, సంక్షేమం బోర్డు చూస్తుంది. మన దగ్గర చాలాచోట్ల ముఠా మేస్త్రికీ యజమానికీ మధ్య కుదిరిన కేసు రేటే ఒప్పందం. కన్వేయర్ వచ్చాక ఆ రేటు అంతే ఉంటుందా, తగ్గుతుందా, రోజు కూలికి మారుతుందా? యంత్రానికి ఆర్డరు పెట్టకముందే మేస్త్రితోనూ ముఠాతోనూ కూర్చుని ఇది తేల్చుకోవాలి. తేలకపోతే తొలి లోడు గేటు దగ్గరే ఆగుతుంది, అప్పుడు ముఠాను తప్పుపట్టి లాభం లేదు.